మూడు ముక్కలూ ఒకటే

మా భీమారావుగారికి దేశాలు మ్యాపులో తెలీవు, నాలిక మీద తెలుసు. ఇంగ్లండు అంటే ఆయనకి రాణులూ కోటలూ కాదు, చిక్కటి పాలు. అమెరికా అంటే కాస్త పులిసిన మజ్జిగ వాసన. దుబాయి అంటే ఎండకి కరిగిపోకుండా గట్టిపరిచిన సరుకు. ఇండియా అంటే ముందు పంచదార, తరవాత పంచదార, ఆఖర్న మొహమాటానికి కాస్త కోకో. ఒకే పేరు, ఒకే రంగు కాయితం ఉన్న చాక్లెట్టు కూడా ఒక్కో దేశంలో ఒక్కో రుచి ఉంటుందని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం వినకుండా ఒరిస్సాలో మా సునాబెడ ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఎవరైనా ఒక్క చాక్లెట్టు ముక్క మింగగలిగేరా అంటే నాకు గుర్తులేదు.

ఫ్యాక్టరీలో ఆయన ఇన్‌స్పెక్షన్ సెక్షన్. నేను ఆయన కింద పన్నెండేళ్లు పనిచేసేను. వెంట్రుకలో పదో వంతు తేడా ఉన్నా పార్టుని పక్కన పెట్టేసేవాడు. ఇంటికెళ్లి అదే చూపుతో చాక్లెట్టుని చూసేవాడు. దానికో రిజిస్టరు. దేశం, నెల, మెత్తదనం, తీపి, నోట్లో కరగడానికి పట్టిన సెకన్లు. ఆఖరి గడిలో పాస్, రీవర్క్, రిజెక్ట్. ఒకసారి స్విట్జర్లాండు చాక్లెట్టుకి రీవర్క్ అని రాసేడు.

"స్విట్జర్లాండుకే రీవర్కా గురువుగారూ?" అన్నాను.

"పాలు బాగున్నాయి. తీపి ఓ పిసరు ఎక్కువైంది. సరిసేసి పంపమను," అన్నాడు, ఆ దేశం పక్క షెడ్డులో ఉన్నట్టు.

ముక్క నోట్లో పెట్టుకోగానే కళ్లు మూసుకుని చూపుడువేలు పైకెత్తేవాడు. "ఉండు" అనేవాడు. అంతే. వేలు దిగేదాకా ఎవరూ నోరెత్తకూడదు. ఒకసారి రాయగడ స్టేషన్లో మేమెక్కాల్సిన రైలు కదిలిపోతోంది. "గురువుగారూ, రైలు!" అని అరిచేను. వేలు దిగలేదు. రైలు వెళ్లిపోయేక కళ్లు తెరిచి, "ఇది మలేషియాది. సబ్బు వాసన," అని తేల్చేడు. మలేషియా తేలేసరికి మాకు బస్సులో నాలుగు గంటల ఘాట్ రోడ్డు మిగిలింది.

జయపురంలో హోల్‌సేల్ కొట్టు చంద్రశేఖరంగారు పోయినప్పుడు వాళ్లబ్బాయి సాయిరాం మస్కట్ నుంచి వచ్చేడు. పదోరోజున పలకరింపుకి వెళ్లేం. భీమారావుగారు ఆ కుర్రాడి చేతులు పట్టుకున్నాడు. కళ్లల్లో నీళ్లు, నిజం నీళ్లే. "పెద్దాయన పోడం మాకందరికీ లోటు బాబూ," అన్నాడు. అదే ఊపిరిలో, "దారిలో ఏటైనా కొన్నావా?" అన్నాడు. నేను నేల విచ్చుకుంటే బాగుండుననుకున్నాను. సాయిరాం ఒక్క క్షణం తెల్లబోయి, ఏడుస్తూనే పకపకా నవ్వి, లోపలికెళ్లి పెట్టె తెరిచి ఒక బిళ్ళ తెచ్చేడు. ఆ ఇంట్లో పదిరోజుల తరవాత అదే మొదటి నవ్వని వాళ్లమ్మగారు తరవాత నాతో అన్నారు.

భీమారావుగారి ఆవిడ అప్పలకొండమ్మగారికి మాత్రం ఈ సిద్ధాంతం మీద సవితి పగ. "ముప్పయ్యైదేళ్ల కాపురం బాబూ! నాను పెట్టిన పులుసు ఎలాగుందో ఒక్కనాడు సెప్పలేదు. ఏ దేశం పాలు ఎలాగున్నాయో మాత్రం రోజూ సెప్తాడు."

"నీ పులుసు ఒక్క ఇంట్లోనే దొరుకుద్ది కదే. దేనితో పోల్చి సెప్పమంతావు?" అనేవాడాయన.

ఇలా సాఫీగా సాగిపోతున్న సిద్ధాంతానికి సూర్యప్రకాష్ అడ్డు తగిలేడు.

సూర్యప్రకాష్ మా ఫ్యాక్టరీ ఇంజనీరు, మా తెలుగు సంఘానికి సెక్రటరీ. చెడ్డవాడు కాదు గానీ మహా నిక్కచ్చి. సంఘం హాల్లో ఒక కుర్చీ వంకరగా ఉన్నా ఆయనకి భోజనం సయించదు. జనవరిలో ఇంగ్లండులో ఉన్న వాళ్లక్కగారి దగ్గరికి వెళ్లి దుబాయి మీదుగా తిరిగొచ్చేడు. వచ్చిన రెండోరోజే భీమారావుగారు పట్టుకున్నాడు. పాల సంగతీ, వెన్న సంగతీ, ఎండ దేశాల సంగతీ అరగంట చెప్పేడు.

సూర్యప్రకాష్ ఓపిగ్గా విని, "భీమారావుగారూ, నేను అక్కడా తిన్నాను, ఇక్కడా తిన్నాను. ఒకే పేరు, ఒకే సరుకు. తేడా అంతా మీ ఊహ," అన్నాడు.

ఊహ! ముప్పయ్యేళ్లు కొలతలు తీసిన మనిషిని పట్టుకుని ఊహ అన్నాడు. భీమారావుగారి చెవులు ఎర్రబడ్డాయి.

"అయితే పరీక్ష పెట్టు. కళ్లకి గంతలు కట్టు," అన్నాడు.

"మీ రిటైర్‌మెంటు ఫంక్షన్‌లోనే పెడతాను, రెండొందలమంది ముందు. ఓడిపోతే మైకులో ఒప్పుకోవాలి. ఇక జన్మలో చాక్లెట్టు మాటెత్తకూడదు."

"గెలిస్తే నువ్వు అదే మైకులో నా నాలిక్కి నమస్కారం పెట్టాలి బాబూ," అన్నాడాయన.

ఫిబ్రవరిలో ఆ రోజు రానే వచ్చింది. మూడు రోజుల ముందు నుంచే భీమారావుగారు కారం మానేసేడు. ఆవకాయ పేరెత్తితే చెవులు మూసుకున్నాడు. సూర్యప్రకాష్ ఇంగ్లండులో కొన్నదొకటి, దుబాయి ఎయిర్‌పోర్టులో కొన్నదొకటి, జయపురం బజార్లో కొన్నదొకటి, మూడు చాక్లెట్ల కాయితాలు తీసేసి, వెండిరంగు రేకుల్లో చుట్టి, ఒకటి రెండు మూడు అని అంకెలు అంటించేడు. ఏ అంకె ఏ దేశమో రాసిన చీటీ కవర్లో పెట్టి, కవరు జేబులో పెట్టుకున్నాడు. మూడు పొట్లాలూ స్టీలు డబ్బాలో పెట్టి పొద్దున్నే సంఘం హాల్ వంటగదిలో ఫ్రిజ్‌లో ఉంచేడు.

సాయంత్రం ఐదింటికి సమోసాల బుట్ట పట్టుకుని నేను ఆ వంటగదిలోకి వెళ్లేను. రామతులసి నేల మీద కూలబడి ఉంది.

రామతులసి ఆ హాల్లో వంటమనిషీ, కాపలామనిషీ కూడా. వాళ్లాయన కాశీపూర్ వైపు లారీ నడిపేవాడు, నాలుగేళ్ల కిందట పోయేడు. హాలు వెనకాల గదిలోనే కూతురు లిప్సాతో ఉంటుంది.

"ఏమైంది రామతులసీ?"

"కొంప మునిగింది బాబుగారూ." ఫ్రిజ్ వేపు చూపించింది. "కేకు మీదికి సాక్లెట్టు సంఘం వాళ్లే పంపుతామన్నారు. పొద్దున్న సెక్రట్రీగారు గుమ్మంలోంచే, ఫోను సెవి దగ్గరెట్టుకుని, 'సాక్లెట్టు డబ్బా ఫ్రిజ్‌లో ఉంది, జాగ్రత్త' అని ఎళ్లిపోనారు. నాను అదే అనుకున్నాను. కరగబెట్టి కేకు మీద పోసేసేను."

"మూడూనా?"

"మూడూ. అంకెలేసున్నాయి కదా, ఒకటి ముందు, రెండు తరవాత, మూడు ఆకర్న వెయ్యమన్నారనుకున్నాను."

నాకు నవ్వు రాబోయి గొంతులోనే ఆగిపోయింది. బల్ల మీద కేకు నిగనిగలాడుతోంది. ఇంగ్లండూ, దుబాయీ, జయపురమూ కలిసిపోయి మెరుస్తున్నాయి.

"నాలుగింటికి కేకు సాక్లెట్టు ఏరేగా వచ్చింది. అప్పుడు తెలిసింది. ఈలోగా సెక్రట్రీగారు ఫోన్ సేసి, ముక్కలు కోసి మూడు పళ్లేల్లో పెట్టమన్నారు. బయంతో ఏటి సేస్తున్నానో తెలీక, ఆ వచ్చిందే కోసి పెట్టేసేను బాబూ. మూడు పళ్లేల్లోనూ అదే."

"అంటే మూడూ మన బజారు చాక్లెట్టే!"

తలూపింది.

"వెళ్లి సూర్యప్రకాష్‌గారికి చెప్పేద్దాం. తిడతాడు, అంతే కదా."

ఆమె మొహం పాలిపోయింది. కిందటి నెల మీటింగు రోజున పంపు కట్టెయ్యడం మరిచిపోతే హాలంతా నీళ్లు నిండి కొత్త తివాచీ పాడైంది. ఇంకొక్క పొరపాటు జరిగితే తాళాలు అక్కడ పెట్టి గది ఖాళీ చేసి వెళ్లిపోవాలని సూర్యప్రకాష్ అందరి ముందూ అన్నాడు. నేనూ విన్నాను. ఆయన అన్నమాట తప్పడు, అదే ఆయనతో చిక్కు.

"ఎల్లుండి నుంచి లిప్సాకి ప్లస్ టూ పరీక్షలు బాబుగారూ. ఇప్పుడు గది ఖాళీ సెయ్యమంటే పిల్లని ఎక్కడ కూకోబెట్టి సదివించను? పరీక్షలైపోతే నానే సెప్పేస్తాను. ఈ పదిరోజులూ గడవనియ్యండి."

నాకొక్కటే దారి కనబడింది. భీమారావుగారి చెవిలో ముందే వెయ్యాలి. హాల్లోకి పరిగెత్తేను.

హాలు కిటకిటలాడుతోంది. భీమారావుగారు మెడలో దండతో, భుజం మీద శాలువాతో పెళ్లికొడుకులా కూచున్నాడు. ఆయనకి ఇటు సూర్యప్రకాష్, అటు మైకు. స్టేజీ ఎక్కి వంగి, "గురువుగారూ, ఒక్క మాట," అన్నాను.

చూపుడువేలు లేచింది. "ఉండు. నాలిక సిద్ధం సేసుకుంటున్నాను."

"అది కాదండీ, వంటగదిలో..."

"వంటగది వాసన కూడా గుర్తు సెయ్యకు. ఇప్పుడు దేనికీ సోటు లేదు."

సూర్యప్రకాష్ నా వేపు అనుమానంగా చూసేడు. "ఏం కామేష్‌గారూ, జవాబులు అందిస్తున్నారా?" రెండొందలమందీ నవ్వేరు. నేను దిగిపోక తప్పలేదు.

ముందు కేకు కోసేరు. భీమారావుగారు ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆగింది. కళ్లు మూతపడ్డాయి. వేలు లేచింది. అలవాటుగా జనం నవ్వుతున్నారు, నేను మాత్రం స్టేజీ మెట్ల దగ్గరికి జరిగేను. కళ్లు తెరిచి నన్ను పిలిచేడు.

"కామేశూ, ఈ కేకు ఎవరు సేసేరు?"

"రామతులసండీ."

"ఇందులో ఇంగ్లండు ఉందేటి?"

ఇదే అదను. చెప్పడానికి నోరు తెరిచేను. ఈలోగా సూర్యప్రకాష్ ఆయన భుజం మీద చెయ్యేసి, "రండి భీమారావుగారూ, అందరూ ఎదురుచూస్తున్నారు," అని బల్ల దగ్గరికి తీసుకుపోయేడు. కళ్లకి గంతలు కట్టేసేడు.

ఒకటో ముక్క. కళ్లకి గుడ్డ ఉంది గనక మొహంలో ఏమీ తెలీలేదు. వేలు మాత్రం చాలాసేపు గాల్లోనే ఉంది. "నీళ్లు," అన్నాడు.

ముక్కకీ ముక్కకీ మధ్య నోరు పుక్కిలించడానికి గోరువెచ్చని నీళ్లు ఇవ్వాలని ముందే అనుకున్నారు. రామతులసి గ్లాసు పట్టుకుని వచ్చింది. గ్లాసు పళ్లేనికి తగిలి టకటకమంటోంది. ఆ చప్పుడు నాకు మూడో వరసలోకి వినిపించింది. భీమారావుగారు తడుముతూ గ్లాసుతో పాటు ఆమె చెయ్యి కూడా పట్టుకున్నాడు. ఒక్క క్షణం అలాగే ఉండి వదిలేసేడు.

రెండో ముక్క. మళ్లీ వేలు. మళ్లీ నీళ్లు. మూడో ముక్క. ఎవరి ఒళ్లోనో పసిపిల్ల కేరుమంటే తల్లి నోరు మూసింది.

"మళ్లీ ఒకటోది ఇయ్యండి," అన్నాడు. ఇచ్చేరు. "రెండోది." ఇచ్చేరు.

"ఇక చాలు భీమారావుగారూ! ఏది ఇంగ్లండు? ఏది దుబాయి? ఏది మనది?" అన్నాడు సూర్యప్రకాష్, మైకు ఆయన నోటి దగ్గర పెట్టి.

"ఈ మూడూ..." అని ఆగేడు.

మూడూ మన బజారువే అంటే ఆయన గెలిచినట్టే. ఆ వెంటనే సూర్యప్రకాష్ అడిగే ప్రశ్న ఒక్కటే, "మరి నేను పెట్టినవి ఏమయ్యేయి?" ఆ ప్రశ్న తిన్నగా వంటగదిలోకి నడుస్తుంది.

భీమారావుగారు గంతలు పైకి జరిపేడు. పళ్లేల వేపు చూసేడు. మిగిలిన కేకు వేపు చూసేడు. వంటగది గుమ్మంలో రామతులసి, ఆమె వెనకాల చేతిలో పుస్తకంతో లిప్సా. అటు చూసి, మెల్లిగా దండ సర్దుకున్నాడు.

"మూడు ముక్కలూ ఒకటే," అన్నాడు. "నాకు తేడా తెలీలేదు."

జనం పైకప్పు ఎగిరిపోయేలా నవ్వేరు. ముందు వరసలో అప్పలకొండమ్మగారొక్కరే నవ్వలేదు. మొగుడి మొహంలోకి కళ్లు చికిలించి చూస్తున్నారు. సూర్యప్రకాష్ కవరు చింపి విజయగర్వంతో చదివేడు. "ఒకటి ఇంగ్లండు! రెండు దుబాయి! మూడు మన జయపురం!" భీమారావుగారు చేతులు జోడించేడు.

"ఇరవయ్యేళ్లు మీ అందరి బుర్రలూ తిన్నాను. ఇయాల్టి నుంచి సాక్లెట్టు మాటెత్తను. ఇది నా మాట," అని మైకు దింపేసేడు.

ఇంటికి నడిచి వెళ్తుంటే నేను ఉండబట్టలేకపోయేను. "మీకు తెలిసిపోయింది కదా గురువుగారూ?"

"ఏటి?"

"మూడూ జయపురానివేనని."

"నానూ అదే కదా సెప్పేను. మూడూ ఒకటే అన్నాను. అబద్ధం ఆడేనా?"

"తేడా తెలీలేదన్నారు?"

"లేని తేడా ఎలా తెలుస్తాదిరా?"

కాస్త దూరం నడిచేక ఆయనే అన్నాడు. "నీళ్లిచ్చిన సెయ్యి మంచుగడ్డలాగుంది కామేశూ. సర్వీసంతా పార్టులు రిజెక్టు సేస్తూనే ఉన్నాను. రిటైరయ్యే రోజున కూడా ఏల అనిపించింది."

ఆ తరవాత ఆయన్ని చూడలేకపోయేం. అల్లరి పిల్లలు కావాలని చాక్లెట్లు తెచ్చి ఎదురుగా పెడితే తినేవాడు, "బాగుంది" అనేవాడు కాదు, "బాగాలేదు" అనేవాడు కాదు. సాయిరాం మస్కట్ నుంచి ఫోన్ చేసి కొత్త సరుకు దొరికిందని చెప్తే, "మీ అమ్మగారు కులాసాయా?" అని మాట మార్చేడు. "ఇంట్లో ఎవరో తప్పిపోయినట్టుంది బాబూ," అన్నారు అప్పలకొండమ్మగారు. "ఆ గోల ఎప్పుడు ఆగుద్దా అని మొక్కుకున్నాను. ఆగింది. నాకు అన్నం దిగట్లేదు."

ఫంక్షనైన తరవాతి ఆదివారం నేను వాళ్లింట్లో కూచుని ఉండగా గేటు దగ్గర మోటార్‌సైకిల్ ఆగింది. సూర్యప్రకాష్. మొహం గంభీరంగా ఉంది. లోపలికి వచ్చి, కుర్చీ సరిగ్గా జరుపుకుని కూచుని, సగం చాక్లెట్టు తీసి బల్ల మీద పెట్టేడు.

"ఇది ఇంగ్లండుది. సూట్‌కేసులో మా ఆవిడకి దొరికింది. తిన్నాను," అన్నాడు. "పరీక్ష రోజున మిగిలిన ముక్కలు కూడా ఇంట్లోనే ఉన్నాయి. అవీ తిన్నాను, ఒకటోది ఇంగ్లండుది కానే కాదు. తేడా నాక్కూడా తెలిసింది భీమారావుగారూ. మీరు ముప్పయ్యేళ్లు తేడాలు పట్టిన మనిషి. మీకు తెలీకపోవడం ఏమిటి? ఆ ముక్కలు ఎవరో మార్చేరు. ఎవరు మార్చేరు?"

లిప్సా పరీక్షలు ఇంకా సగంలో ఉన్నాయి. నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ కూచున్నాను.

భీమారావుగారు గొంతు సవరించుకున్నాడు. "నాను సెప్పకూడదు బాబూ. సాక్లెట్టు మాటెత్తనని రెండొందలమంది ముందు మాటిచ్చేను. ఆ మాట నువ్వే కదా తీసుకున్నావు?"

"నేనే వదిలేస్తున్నాను. చెప్పండి."

"అలాగ ఇంట్లో కూసుని వదిలేస్తే కుదరదు. మైకులో ఇచ్చిన మాట మైకులోనే వదలాల. మళ్లీ ఆ రెండొందలమందినీ పిలు. నువ్వు ఓడిపోయేవని సెప్పు. నా నాలిక్కి నమస్కారం పెట్టు. అప్పుడు సెప్తాను."

సూర్యప్రకాష్ ఆయన్ని చూసేడు, నన్ను చూసేడు. నేను ఇంకా క్యాలెండరులోనే ఉన్నాను. ఏదో లెక్క కలిసినట్టు ఆ గంభీరమైన మొహం మెల్లిగా సడలింది. "మీతో పడలేనండీ," అని నవ్వేసి, అప్పలకొండమ్మగారిచ్చిన టీ తాగి, ఆ సగం బిళ్ళ అక్కడే వదిలేసి వెళ్లిపోయేడు.

పరీక్షలైన మర్నాడు రామతులసి అన్నమాట ప్రకారం తనే వెళ్లి ఆయనకి చెప్పేసింది. ఆయన తాళాలు అడగలేదు, ఈసారి డబ్బా మీద పేరు రాసి పెడతానన్నాడట. మైకులో ఒప్పుకుంటానని కూడా వచ్చేడు గానీ, అప్పుడు రామతులసి పేరు బయటికొస్తుందని భీమారావుగారే ఆపేసేడు. అది తరవాతి సంగతి.

ఆ ఆదివారం మోటార్‌సైకిల్ చప్పుడు దూరమయ్యేక అప్పలకొండమ్మగారు బల్ల దగ్గరికొచ్చి, బిళ్ళలోంచి ఒక ముక్క విరిచి మొగుడి నోట్లో పెట్టేరు.

"ఎలాగుంది?"

"మాటాడకూడదు."

"పెళ్లాంతో కూడానా?"

భీమారావుగారు ఆలోచనలో పడ్డాడు. నా వేపు చూసేడు. "కామేశూ, నీకు ఇంటి దగ్గర ఏదో పనుందన్నావు కదా?" అన్నాడు.

నేను అనలేదు. అయినా లేచేను. గుమ్మం దాటేనో లేదో వెనకాల తలుపు గడియ పడింది. మెట్ల మీద కూచుని చెప్పులు వేసుకుంటుంటే కిటికీలోంచి గుసగుసగా మొదలైన గొంతు మెల్లమెల్లగా పెరుగుతూ వినబడింది. "సూడూ, ఆళ్ల ఆవులు పచ్చిగడ్డి తింటాయి. పాలల్లో ఆ కమ్మదనం దిగుద్ది. అదే మన దగ్గరైతే ముందు ఎండకి తట్టుకోవాల కదా, అందుకని..."

మధ్యమధ్యలో అప్పలకొండమ్మగారు "ఊఁ" కొడుతున్నారు.